అనంతపురంలో వంట నేర్చుకోవాలంటే: క్లాసా, పక్కింటి వంటిల్లా?

స్పెయిన్‌కు చెందిన విన్సెంట్ ఫెర్రర్ పెట్టిన స్వచ్ఛంద సంస్థ ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) పుణ్యమా అని అనంతపురానికి స్పెయిన్ వాలంటీర్లు కొత్త కాదు. నెలల తరబడి ఉండేవాళ్లకు మన వంట నేర్చుకోవాలనిపించడం సహజమే. మరి డబ్బు కట్టి క్లాసుకు వెళ్లాలా, పక్కింటి అక్కను అడగాలా?

క్లాసులో కొలతలు పక్కాగా చెప్తారు. ఉగ్గానికైతే అది చాలు. బొరుగులు నీళ్లలో ముంచి వెంటనే పిండేసి, తాలింపులో ఉల్లిపాయ, పచ్చిమిర్చి మగ్గాక కలిపి, పైన పుట్నాల పొడి చల్లాలి. రాసుకుంటే వచ్చేస్తుంది. ఎన్నిసార్లు అడిగినా విసుక్కోరు, ఫీజు తీసుకున్నారు కదా!

అసలు తేడా సంగటి దగ్గర తెలుస్తుంది. అన్నం మెత్తగా ఉడికాక మధ్యలో రాగిపిండి గుట్టగా పోసి, మూతపెట్టి సన్న మంట మీద మగ్గనివ్వాలి. ఇక్కడిదాకా ఎవరైనా చేస్తారు. గిన్నె కదలకుండా అదిమిపట్టి, ఉండలు కట్టకుండా కట్టెతో గెలికే ఒడుపు మాత్రం రోజూ చేసేవాళ్ల పక్కన నిలబడితేనే పట్టుబడుతుంది. ముద్ద చేసేటప్పుడు చెయ్యి చురుక్కుమంటే "నీళ్లలో తడుపుకో పాపా" అనే మనిషి ఉండాలి.

ఇంట్లో చిక్కులూ ఉన్నాయి. ఉప్పెంత అంటే "తగినంత" అంటారు. ఆమెకు తీరికైనప్పుడే పాఠం. డబ్బిస్తే నొచ్చుకుంటారు, పండ్లు పట్టుకెళ్లడం మేలు. కొన్ని ఇళ్లలో వంటింట్లోకి బయటివాళ్లను రానివ్వరు, అడిగాకే అడుగు పెట్టాలి.

రెండు మూడు వారాలే ఉంటే క్లాసు. ఆరు నెలలుంటే నా ఓటు పక్కింటికే. కారం తక్కువ తింటామని మాత్రం మొదటిరోజే చెప్పేయండి, చెనిక్కాయల ఊరిబిండి (కారంగా ఉండే వేరుశనగ పచ్చడి) వడ్డించకముందే.