మిల్లు పక్క ఇంట్లో రెండున్నరేళ్లు: ఆర్‌టీఎక్స్ 3060ని చల్లగా ఉంచిన అనుభవం

నా కంప్యూటర్ బల్ల పైన గోడకు రెండు వందల రూపాయల ఉష్ణమాపకం ఒకటి వేలాడుతుంటుంది. ఆటల దృశ్యాలను తెర మీదికి తెచ్చే గ్రాఫిక్స్ కార్డును కాపాడుకోవడంలో ఈ రెండున్నరేళ్లలో నాకు అన్నింటికన్నా ఎక్కువ పనికొచ్చిన వస్తువు అదే. అందుకే దానితో మొదలుపెడుతున్నాను.

కార్డు ఎన్విడియా కంపెనీ ఆర్‌టీఎక్స్ 3060, 12 జీబీ మెమరీ, రెండు ఫ్యాన్ల రకం. 2022 నవంబరులో రైలెక్కి సికింద్రాబాద్ వెళ్లి, కంప్యూటర్ దుకాణాల సముదాయం సీటీసీలో 31,500 రూపాయలకు కొన్నాను. అంతకు ఏడాది ముందు క్రిప్టో కరెన్సీ తవ్వేవాళ్ల గిరాకీ వల్ల ఇదే కార్డు ధర నాలాంటి వాళ్లకు అందనంత ఎత్తులో ఉండేది. దిగేదాకా ఓపిక పట్టాను. మా ఇల్లు మిర్యాలగూడలో, రైస్ మిల్లులకు కూతవేటు దూరంలో ఉంటుంది. గది పది అడుగులకు పదకొండు, పైన స్లాబ్, ఏసీ లేదు. రాత్రిపూట రెండు గంటలు, ఆదివారం నాలుగైదు గంటలు ఆడతాను. 1080పీ (ఫుల్ హెచ్‌డీ) తెరపై సైబర్‌పంక్ 2077 లాంటి బరువైన ఆటను కూడా హాయిగా ఆడించే కార్డు ఇది. పనితీరు గురించి ఇంతకు మించి చెప్పనక్కర లేదు. నాకు చెప్పాలని ఉన్నది వేడి గురించి.

ఎన్విడియా ఈ చిప్‌కు చెప్పిన గరిష్ఠ ఉష్ణోగ్రత 93 డిగ్రీలు. మామూలుగా వదిలేస్తే కార్డు 83 డిగ్రీలను తన హద్దుగా పెట్టుకుంటుంది. అక్కడికి చేరగానే వేగం తగ్గించుకుని తనను తాను కాపాడుకుంటుంది. అంటే కార్డు ఒక్కసారిగా కాలిపోతుందేమోనని భయపడాల్సిన పని లేదు. అయితే ప్రతి వేసవీ 80 పైన గడిపితే ఫ్యాన్లు అరుగుతాయి, చిప్ వేడిని పైనున్న లోహపు దిమ్మకు చేర్చే పేస్ట్ త్వరగా ఎండుతుంది, చెవులకు మోత తప్పదు. నేను పెట్టుకున్న గీత 75 డిగ్రీలు. చిప్‌లో అత్యంత వేడిగా ఉండే చోటును హాట్‌స్పాట్ అంటారు. దానికి 90.

మొదటి డిసెంబరులో కార్డు 65 డిగ్రీలు చూపించేది. మే వచ్చేసరికి 79కి చేరింది. కార్డు పాడవుతోందేమోనని చాలా కంగారు పడ్డాను. మా నాన్న ముప్పై ఏళ్లుగా మిల్లులో ఫిట్టర్. మోటారు వేడెక్కిందంటే ముందు అరచేతి వెనక వైపు ఆనించి చూసే మనిషి. ఆయన తెర మీది అంకె వైపు కూడా చూడలేదు. "గది ఎంత వేడిగా ఉంది నాన్నా? అది తెలియకుండా మోటారు వేడి చెబితే ఏం లాభం?" అన్నారు. మర్నాడే ఉష్ణమాపకం కొన్నాను. గదిలో 38 ఉంది. డిసెంబరులో అదే వేళకు 25 ఉండి ఉంటుంది. రెండు కాలాల్లోనూ గదికీ కార్డుకూ మధ్య తేడా దాదాపు 40 డిగ్రీలే. కార్డుకు ఏమీ కాలేదు. మారింది మా ఊరి ఎండ.

అప్పటి నుంచి నేను చూసేది ఆ తేడానే. నెలకోసారి ఫ్యాన్ వేగాన్ని 65 శాతం దగ్గర కదలకుండా పెట్టి, ఒకే ఆటలో ఒకే చోట అరగంట ఉండి, గది అంకె, కార్డు అంకె, హాట్‌స్పాట్ అంకె నోటుబుక్కులో రాసుకుంటాను. చలి దేశాల్లో రాసిన సమీక్షల్లో "మా కార్డు 62 డిగ్రీలు" అని చదివి నల్లగొండ జిల్లాలో మనసు పాడుచేసుకోవద్దు. వాళ్ల గది 21 డిగ్రీలు. మే నెలలో మన బయటి ఎండ 44, 45 దాకా పోతుంది. తేడా లెక్కిస్తే మీ కార్డు వాళ్ల కార్డంత ఆరోగ్యంగానే ఉండవచ్చు.

ఎక్కువ ఫలితం ఇచ్చిన పని వోల్టేజి తగ్గించడం. ఇందులో ఒక్క రూపాయి ఖర్చు లేదు. చిప్ తినే కరెంటు వోల్టేజి వర్గాన్ని (వోల్టేజిని దానితోనే గుణిస్తే వచ్చే అంకెను) బట్టి పెరుగుతుంది కాబట్టి వోల్టేజిని కొంచెం దించినా వేడి బాగా దిగుతుంది. నా కార్డు మామూలుగా 1.05 వోల్టుల దగ్గర పరుగెత్తేది. కార్డు అమరికలు మార్చే ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌లో కంట్రోల్, ఎఫ్ మీటలు కలిపి నొక్కితే ఏ వోల్టేజికి చిప్ ఎంత వేగంతో నడవాలో చూపించే గీత ఒకటి తెరుచుకుంటుంది. అందులో 0.875 వోల్టుల దగ్గర 1,800 మెగాహెర్ట్జ్ వేగం పెట్టి, ఆ కుడి వైపు అంతా చదును చేశాను. కార్డు వాడకం 170 వాట్ల నుంచి 125కు పడింది. తేడా 40 నుంచి 30కి వచ్చింది. ఆటలో ఫ్రేములు (సెకనుకు తెర మీద మారే బొమ్మలు) తగ్గినట్టు కంటికి తెలియలేదు. మొదట ఆశపడి 0.825 పెడితే మూడో రోజు ఆట మధ్యలో తెర నల్లబడింది. ఒక్కో మెట్టు పెంచుకుంటూ వచ్చి, వారం రోజులు నిలకడగా నడిచిన చోట ఆగాను. ఏ రెండు చిప్‌లూ ఒకేలా ఉండవు, నా అంకెలు మీ కార్డుకు సరిపోకపోవచ్చు. దీనికి తోడు ఫ్రేములను 60కి కట్టేస్తే తేలికపాటి ఆటల్లో కార్డు వంద వాట్లు కూడా దాటదు.

ఇక దుమ్ము. దీని గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. సాగర్ ఎడమ కాలువ కింద పండిన వడ్లు పెద్ద ఎత్తున మా ఊరి మిల్లులకు వస్తాయి. యాసంగి వడ్లు మిల్లెక్కే ఏప్రిల్, మే నెలల్లోనే ఎండ కూడా ముదురుతుంది. తవుడులో నూనె ఉంటుంది. అందుకే మా దుమ్ము ఊదితే ఎగిరిపోయే రకం కాదు. మొదటిసారి కార్డు విప్పినప్పుడు చిప్ వేడిని లాగే లోహపు దిమ్మ, అంటే హీట్‌సింక్, రేకుల అంచున గోధుమ రంగు పొర ఒకటి కంబళి ముక్కలా అల్లుకుని ఉంది. గోటితో ఒక మూల లేపితే చిరగకుండా అంగుళం మేర ఊడి వచ్చింది. వేలికి జిడ్డు. ఆ పొరలోంచి గాలి ఎలా దూరుతుంది? బ్లోయర్‌తో పాటు మెత్తని బ్రష్, జిడ్డు వదిలించే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడితే తప్ప అది పోదు.

ఈ శుభ్రత నేనే చేసుకోవడానికి వెనుక ఒక నష్టం ఉంది. 2023 చివర్లో కార్డును ఒక రిపేరు దుకాణంలో ఇచ్చాను. అక్కడి కుర్రాడు ఫ్యాన్‌ను పట్టుకోకుండానే కంప్రెసర్ గాలి కొట్టాడు. రెక్కలు ఈల వేసినట్టు గిర్రున తిరిగాయి. వారం తిరక్కుండా ఒక ఫ్యాన్ గరగరలాడడం మొదలుపెట్టింది. కొత్త ఫ్యాన్ల జతకు 1,400 రూపాయలు, నెల రోజుల ఎదురుచూపు. గాలి కొట్టేటప్పుడు రెక్కలు తిరగకుండా వేలితోనో పుల్లతోనో ఆపి ఉంచాలి. కంప్రెసర్ గాలిలో నీటి తుంపర కూడా ఉంటుంది, కాబట్టి దాని జోలికే పోకపోవడం మంచిది.

దుమ్మును రాకుండా ఆపడానికి కంప్యూటర్ క్యాబినెట్ మార్చాను. పాతదానికి ముందు వైపు అంతా అద్దం, పక్కన సన్నటి సందు మాత్రమే. కొత్తదానికి ముందంతా సన్నని రంధ్రాల జాలీ. గాలి లోపలికి లాగడానికి మూడు ఫ్యాన్లు, బయటికి నెట్టడానికి ఒకటి పెట్టాను. లోపలికి వచ్చే గాలి ఎక్కువైతే సందుల్లోంచి గాలి బయటికే పోతుంది, దుమ్ము దూరదు. జాలీ మీద కిటికీలకు వాడే దోమల తెర ముక్క ఒకటి అదనంగా బిగించాను. దానివల్ల తేడా ఒకటిన్నర డిగ్రీ పెరిగింది. మా ఊరి దుమ్ముకు అది న్యాయమైన బేరమే. పదిహేను రోజులకోసారి ఆ తెరను సబ్బు నీళ్లలో కడుగుతాను.

నోటుబుక్కు అసలు విలువ 2025 ఫిబ్రవరిలో తెలిసింది. ఎండలు ఇంకా రాలేదు. కార్డు 69 చూపిస్తోంది, ఎవరికీ అనుమానం రాని అంకె. కానీ గది 28. తేడా 41, మునుపు 30. కార్డు అంకెకూ హాట్‌స్పాట్ అంకెకూ మధ్య దూరం 13 డిగ్రీల నుంచి 24కు పెరిగింది. దుమ్ము దులిపితే తేడా 35కు దిగింది గానీ హాట్‌స్పాట్ దూరం తగ్గలేదు. అంటే పేస్ట్ పని అయిపోయింది. నాలుగు స్ప్రింగు స్క్రూలను ఎదురెదురు మూలల వరుసలో వదులు చేసి, ఫ్యాన్ తీగ ఊడదీసి తెరిచాను. చిప్ మధ్యలో పేస్ట్ లేనే లేదు, అంచులకు జరిగి ఎండి పొడిలా రాలింది.

కొత్త పేస్ట్ రాసి, మెమరీ వేడిని హీట్‌సింక్‌కు చేర్చే థర్మల్ ప్యాడ్‌లు చిరిగిన చోట కొత్తవి వేశాను. అంకె ఇంకా చెడింది! హాట్‌స్పాట్ దూరం 27. ప్యాడ్‌లు నేను తెచ్చినవి 2 మిల్లీమీటర్లు, పాతవి ఒకటిన్నర. ఆ అర మిల్లీమీటరు హీట్‌సింక్‌ను పైకెత్తి చిప్‌కు ఆనకుండా చేసింది. మళ్లీ విప్పి ఒకటిన్నరవి వేశాక తేడా 30, దూరం 12. ప్యాడ్ మందం కొలవకుండా ఎవరూ కార్డు విప్పవద్దని చేతులు జోడించి చెబుతున్నాను. ఈ కార్డు మెమరీ వేడిని మనకు చూపించదు. పలచని ప్యాడ్ వేసి మెమరీకి ఆనకపోతే ఆ సంగతి తెలిసే దారే ఉండదు.

ఎయిర్ కూలర్ సంగతి చాలామంది అడుగుతారు. మా పొడి ఎండల్లో అది గదిని ఐదారు డిగ్రీలు దించుతుంది, కార్డు కూడా అంతే దిగుతుంది. కూలర్ గాలి నేరుగా క్యాబినెట్‌కు తగలకూడదు. మా బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. తుంపర ఎగిరి ఆరిన చోటల్లా తెల్లటి మచ్చ కడుతుంది. క్యాబినెట్ పక్క రేకు మీద ఆ మచ్చలు చూసిన రోజే కూలర్‌ను కిటికీలోకి మార్చాను. వేళ కూడా ముఖ్యమే. పగలంతా కాగిన స్లాబ్ రాత్రి పది దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. మే నెలలో నేను ఆడేది తెల్లవారుజామున ఐదింటికి. అప్పుడు గది 31 ఉంటుంది.

నిన్న మధ్యాహ్నం మాత్రం పరీక్ష కోసం కావాలనే రెండు గంటలకు కూలర్ ఆపి ఆడాను. గది 39, కార్డు 70, హాట్‌స్పాట్ 82. తేడా 31. ఒక డిగ్రీ పెరిగింది. దోమల తెర విప్పి చూస్తే సగానికి పైగా మూసుకుపోయి ఉంది. కడిగి దండెం మీద ఆరేశాను.