వెబ్ ఆప్షన్ల పాస్‌వర్డు, ఓటీపీ ఎవరికీ చెప్పకండి. ఎంసెట్ పిల్లలున్న ఇళ్లవాళ్లు ఇది చదవండి

అందరికీ నమస్కారం. మాది జనగామ దగ్గర ఒక పల్లె. నేను ఎరువుల దుకాణంలో గుమస్తాగా పని చేస్తాను. 2022 జూలైలో ఎంసెట్ (తెలంగాణలో ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష, ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు), ఆ వెంటనే కౌన్సెలింగ్ అనగా, మా ఊళ్లో ఇద్దరు ముగ్గురికి కన్సల్టెన్సీల (సీటు ఇప్పిస్తామనే మధ్యవర్తుల) ఫోన్లు వస్తున్నాయని విని ఇది రాశాను. కౌన్సెలింగ్ అంటే మనం ఆన్‌లైన్‌లో వరుసగా పెట్టుకున్న కాలేజీలు, బ్రాంచీల (వీటినే వెబ్ ఆప్షన్లు అంటారు) నుంచి ర్యాంకును బట్టి సీటు ఇచ్చే పద్ధతి. అంతకుముందు ఏడాది, అంటే 2021లో, మా పెద్దమ్మాయి అడ్మిషన్ విషయంలో మాకు జరిగింది ఇంకో ఇంట్లో జరగకూడదు. కాస్త పొడుగైనా చివరి దాకా చదవండి.

2021లో పరిస్థితి ఎలా ఉందో మీకు గుర్తుండే ఉంటుంది. ఇంటర్ సెకండియర్ పరీక్షలు జూన్‌లో రద్దు చేశారు, ఫస్టియర్ మార్కులనే సెకండియర్‌కు వేసి అందరినీ పాస్ చేశారు. దాంతో ఎంసెట్‌లో ఇంటర్ మార్కుల 25 శాతం వెయిటేజీ కూడా తీసేశారు. ఇక అంతా ఆ మూడు గంటలు, ఆ 160 ప్రశ్నల మీదే. సెకండియర్ చదువు చాలావరకు ఫోన్‌లోనే సాగింది, మా ఇంట్లో ఉన్నది ఒక్క ఫోను, అదీ పగలంతా నాతో దుకాణంలో ఉండేది. అయినా ఆగస్టు 5న పరీక్ష రాసి, 25న ఫలితాలు వస్తే ముప్పై వేల లోపు ర్యాంకు తెచ్చుకుంది. మా ఇంట్లో ఇంజనీరింగ్ దాకా వచ్చిన మొదటి పిల్ల అది.

ఇలాంటివన్నీ మా అన్నయ్య చూసుకునేవాడు. ఆయన స్కూలు టీచర్. ఊళ్లో ఎవరికి ఏ దరఖాస్తు కావాలన్నా ఆయన దగ్గరికే వచ్చేవారు. మే నెలలో రెండో వేవ్‌లో ఆయన పోయాడు. ఈ మాట సానుభూతి కోసం చెప్పడం లేదు. ఇంట్లో తెలిసిన మనిషి లేనప్పుడే ఇలాంటివాళ్లు లోపలికి వస్తారు, అందుకని చెబుతున్నాను. కరోనా ఏడాదిలో అలాంటి ఇళ్లు ఎన్నో.

ఫలితాలు వచ్చిన మర్నాడే హైదరాబాద్ నుంచి ఒక కన్సల్టెన్సీ అమ్మాయి ఫోన్ చేసింది. "అంకుల్, మీ పాపకు కంగ్రాట్స్" అంటూ ర్యాంకు, పేరు, ఊరు అన్నీ తనే చెప్పింది. నేను ఇంకా మా బంధువులకే చెప్పలేదు, వీళ్లకెలా తెలిసిందో అప్పుడు ఆలోచించలేదు. ఈ ర్యాంకుకు కన్వీనర్ కోటాలో (కౌన్సెలింగ్‌లో ర్యాంకును బట్టి ఇచ్చే సీట్లలో) కంప్యూటర్స్ రాదని, కరోనా వల్ల అందరూ ఆ బ్రాంచే అడుగుతున్నారని, ఒక మంచి కాలేజీలో మేనేజ్‌మెంట్ సీటు (కాలేజీయే నింపుకునే సీటు) యాభై వేలు కట్టి ఇప్పుడే బ్లాక్ చేసుకోవాలని చెప్పింది. మాకు ఫీజు రీయింబర్స్‌మెంట్ లేకపోతే కుదరదమ్మా అంటే, దానికేం ఫర్వాలేదు, మేనేజ్‌మెంట్ సీటుకు కూడా మేం ఇప్పిస్తాం అంది. కాలేజీ చూస్తాం అంటే కరోనా కదా, క్యాంపస్‌లోకి ఎవరినీ రానివ్వడం లేదు అని వాట్సాప్‌లో ఒక వీడియో పంపింది. పచ్చటి లాన్లు, పెద్ద లైబ్రరీ. ఆ వీడియోలో కాలేజీ పేరు బోర్డు ఎక్కడా కనబడలేదని మా అమ్మాయి అప్పుడే అంది. నేనే పట్టించుకోలేదు.

చీటీ పాడి తెచ్చిన డబ్బు యాభై వేలు ఫోన్‌పేలో పంపాను. నా నాలుగు నెలల జీతం కంటే ఎక్కువ. రసీదు అని ఒక కాగితం ఫొటో వచ్చింది. ఆ కాగితాన్ని నేను తర్వాత ఎన్నిసార్లు చూశానో. పైన కన్సల్టెన్సీ పేరు, కింద మా అమ్మాయి పేరు తప్పుగా, "అడ్మిషన్ సర్వీస్" అనే రెండు ముక్కలు, ఒక గీత లాంటి సంతకం. కాలేజీ పేరు లేదు. బ్రాంచి లేదు. తిరిగి ఇస్తాం అనే మాట లేదు. డబ్బు పడింది కూడా కంపెనీ పేరు మీద కాదు, ఎవరో మనిషి పేరు మీద.

రెండు రోజులకు ఒక కుర్రాడు బండి మీద ఇంటికే వచ్చాడు. మెడలో ఐడీ కార్డు, రెండు మాస్కులు. మా గుమ్మం దగ్గర చేతులకు శానిటైజర్ రాసుకుని, మాక్కూడా రాసి, అప్పుడు కూర్చున్నాడు. ఆ జాగ్రత్త చూసి ఎంత పద్ధతైన పిల్లాడో అనుకున్నాం. సర్టిఫికెట్ వెరిఫికేషన్ అయిపోగానే మళ్లీ వచ్చి టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీ, ఒరిజినల్సే, ఫైలుతో సహా పట్టుకెళ్లాడు. తీసుకున్నట్టు ఒక్క ముక్క కాగితం మీద రాసివ్వలేదు, మేమూ అడగలేదు.

ఇక్కడి దాకా పోయింది డబ్బూ కాగితాలే. అసలు దెబ్బ తర్వాత తగిలింది.

మా అమ్మాయి ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టుకుంది. అందులో ఎడమవైపు కాలేజీ, కుడివైపు బ్రాంచి, పక్కన ఎర్ర పెన్నుతో అంతకుముందు ఏడాది ఆఖరి ర్యాంకు. పది రోజులు కూర్చుని 58 ఆప్షన్లు వరుసలో రాసుకుంది. మధ్యలో జేఈఈ మెయిన్ (దేశమంతటికీ జరిగే ఇంజనీరింగ్ పరీక్ష) నాలుగో విడత కూడా రాసి వచ్చి, ఆ రాత్రే మళ్లీ నోట్‌బుక్ తీసింది. ఇంతలో కన్సల్టెన్సీ నుంచి ఫోన్, వెబ్ ఆప్షన్లు కూడా మేమే పెడతాం అంకుల్, ఫ్రీ, ఒకటి తప్పు పెడితే సంవత్సరం పోతుంది, నోట్‌బుక్ ఫొటోలు పంపండి చాలు అని. పంపాం. రిజిస్టర్ చేసిన నంబరు నాదే. నేను దుకాణంలో ఉన్నాను, యూరియా లోడు వచ్చిన రోజు, బయట రైతులు వరుసలో నిలబడి ఉన్నారు, ఒక్కొక్కరి చేత మిషను మీద వేలిముద్ర వేయించుకుంటూ, ఫోను చెవికీ భుజానికీ మధ్య పెట్టుకుని, వచ్చిన ఓటీపీ అంకెలు ఒక్కొక్కటీ చదివి చెప్పాను. వేలిముద్ర పడకుండా బస్తా కదలదని రోజూ రైతులకు నేనే చెబుతాను. అలాంటివాణ్ని, నా బిడ్డ తాళం మాత్రం ముక్కూ మొహం తెలియని మనిషి చేతిలో పెట్టాను.

ఆప్షన్ల ప్రింటవుట్ పంపమని మా అమ్మాయి మూడుసార్లు అడిగింది. సర్వర్ బిజీ, రేపు, ఎల్లుండి అన్నారు. సెప్టెంబర్ 18న సీట్ల కేటాయింపు వచ్చింది. ఊరికి దూరంగా ఉన్న ఒక కాలేజీ, అది మా నోట్‌బుక్‌లోనే లేదు. అప్పుడు పాస్‌వర్డు మార్చుకుని లోపలికి వెళ్లి చూస్తే, మా అమ్మాయి రాసుకున్నవి 58, అక్కడ పెట్టి ఉన్నవి 4. అందులో మూడు ఆ ఒక్క కాలేజీవే. ఇక మార్చడానికి లేకుండా ఫ్రీజ్ కూడా చేసేశారు. "నాన్నా, నా లిస్టు లేదు" అంది, అంతే, ఇంకో మాట మాట్లాడలేదు. తర్వాత ఆఖరి ర్యాంకులు చూసుకుంటే, దాని లిస్టులో ఏడోదిగా రాసుకున్న కాలేజీలో కంప్యూటర్స్ సీటు మా అమ్మాయి కంటే రెండు వేల ర్యాంకు వెనకున్న పిల్లలకు వచ్చింది.

ఇది ఎలా పని చేస్తుందో తెలియనివాళ్ల కోసం చెబుతాను. ర్యాంకు ప్రకారం మన వంతు వచ్చినప్పుడు కంప్యూటరు మన ఆప్షన్లను ఒకటో నంబరు నుంచి చూసుకుంటూ వస్తుంది, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ సీటు ఇచ్చేసి ఆగిపోతుంది. సీట్లు నిండని కాలేజీని ఎవరైనా మొదటి నంబరులో పెట్టేస్తే అదే వస్తుంది, కింద ఎంత మంచి కాలేజీ ఉన్నా దాని దాకా పోదు. అందుకే ఆప్షన్ల వరుస చేతిలో పెట్టడమంటే సీటే చేతిలో పెట్టడం. పాస్‌వర్డు ఎవరికీ చెప్పవద్దని కౌన్సెలింగ్ సూచనల్లోనే రాసి ఉంటుంది. అడ్మిషన్‌కు ఇంత అని ఆ కాలేజీ తమకు ఇస్తుందని, నేను దిల్‌సుఖ్‌నగర్‌లో వాళ్ల ఆఫీసుకు వెళ్లినప్పుడు అక్కడి కుర్రాడే నోరు జారాడు.

మేనేజ్‌మెంట్ సీటు సంగతి కూడా వినండి. తెలంగాణలో ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటా, 30 శాతం మేనేజ్‌మెంట్ కోటా, ఎన్నారై సీట్లతో కలిపి. వాటికి కాలేజీ నోటిఫికేషన్ ఇవ్వాలి, దరఖాస్తులు తీసుకోవాలి, మెరిట్ చూడాలి. నోటిఫికేషన్ కంటే ముందే ఒక కన్సల్టెన్సీ సీటును "బ్లాక్" చేయడం అనేది ఏ రూల్లోనూ లేదు. డొనేషన్ తీసుకోవడం 1983 నాటి చట్టం ప్రకారం నేరం. అన్నిటికంటే మాలాంటివాళ్లకు ముఖ్యమైనది, మేనేజ్‌మెంట్ సీటుకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. ఇప్పిస్తాం అని ఎవరైనా అంటే అక్కడే ఫోన్ పెట్టేయండి. నాకు ఈ ఒక్క ముక్క ముందు తెలిసి ఉంటే ఆ యాభై వేలు పోయేవే కావు.

డబ్బు వెనక్కి అడిగితే అది సర్వీస్ చార్జీ, రాదు అన్నారు. క్లాసులు మొదలవకముందే సీటు వదులుకుంటే వెయ్యి రూపాయలకు మించి కోయకూడదని ఏఐసీటీఈ (ఇంజనీరింగ్ కాలేజీల మీద ఉండే కేంద్ర సంస్థ) రూలు ఉంది కదా అని నేనూ గట్టిగానే అడిగాను. ఆ రూలు కాలేజీకి అంకుల్, మాది కాలేజీ కాదు అన్నాడు. అది నిజమే, అందుకే చెబుతున్నాను, మధ్యవాడికి కట్టిన డబ్బుకు ఆ రక్షణ లేదు. కట్టాల్సి వస్తే కాలేజీ అకౌంటుకే కట్టండి, కాలేజీ రసీదే తీసుకోండి.

ఒరిజినల్స్ కోసం తిరగడం ఇంకా నరకం. టీసీ లేనిదే ఏ కాలేజీలోనూ చేరడం కుదరదు కాబట్టి అది పట్టుకుని కూర్చున్నారు. ఆ కాలేజీలోనే చేరండి, ఇస్తాం అన్నారు. నిజానికి సర్టిఫికెట్లు సరిచూసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ సెంటర్‌లో ఒరిజినల్స్ చూసి అక్కడికక్కడే మన చేతికి ఇచ్చేస్తారు, జిరాక్సులే ఉంచుకుంటారు. ప్రభుత్వమే ఉంచుకోని కాగితాలు కన్సల్టెన్సీకి ఎందుకు? చివరికి పోలీస్ స్టేషన్‌లో దరఖాస్తు ఇచ్చాను. ఎస్సై గారు నా ముందే ఫోన్ చేసి మాట్లాడితే, ఐదు వారాల తర్వాత ఫైలు కొరియర్‌లో వచ్చింది. డబ్బులో ముప్పై వేలు రెండు విడతల్లో ఇచ్చారు. మిగతా ఇరవై వేలు ఈ రోజుకీ రాలేదు. ఫోన్‌లో డబ్బు పంపి మోసపోతే వెంటనే సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చెయ్యాలని తర్వాత తెలిసింది. ఎంత తొందరగా చేస్తే అంత మంచిదట, నేను నెల రోజులు వాళ్ల మాటలు వింటూ కూర్చున్నాను.

మొదటి విడతలో వచ్చిన సీటుకు ఫీజు కట్టలేదు, రిపోర్టింగ్ చేయలేదు, కాబట్టి అది రద్దయింది. నవంబర్‌లో చివరి విడత జరిగింది. మంచి సీట్లు అప్పటికే అయిపోయాయి. ఈసారి మా అమ్మాయి మీసేవలో కాకుండా, పక్కింటి మాస్టారు గారి కంప్యూటర్ దగ్గర తనే కూర్చుని, నోట్‌బుక్ పక్కన పెట్టుకుని ఒక్కొక్క ఆప్షన్ తనే నొక్కింది. సేవ్ చేసి ప్రింటు తీసి, స్కేలు పెట్టి వరుసగా సరిచూసుకుంది. ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ బ్రాంచి) వచ్చింది. కాలేజీ ఫర్వాలేదు, బాగానే చదువుతోంది. కంప్యూటర్స్ గురించి ఇప్పుడు మా ఇంట్లో ఎవరమూ మాట్లాడం.

ఆ కన్సల్టెన్సీ పేరు ఇక్కడ రాయడం లేదు. పేరు మార్చి ఇంకో బోర్డు పెడతారు, ఆ పేరొక్కటే చూసి మిగతావాళ్లను నమ్మేస్తారేమోనని నా భయం. గుర్తు పట్టడానికి వాళ్ల మాటలే చాలు. మీరు చెప్పకుండానే మీ ర్యాంకు వాళ్లే చెబుతారు, సీటు బ్లాక్ అంటారు, ఈ రోజే ఆఖరు అంటారు, ఓటీపీ అడుగుతారు. కౌన్సెలింగ్ ప్రాసెసింగ్ ఫీజు 2021లో 1200 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకు 600. మొదటి విడత దాకా మేం నిజంగా కట్టాల్సింది అంతే.

మా వీధి చివర ఇంటి అబ్బాయి ఈసారి ఎంసెట్ రాస్తున్నాడు. మొన్న ఆదివారం మా అమ్మాయి హాస్టల్ నుంచి వచ్చినప్పుడు ఆ లాంగ్ నోట్‌బుక్ వాడికి ఇచ్చింది. వాళ్ల నాన్నకు నేను ఒకటే చెప్పాను, కౌన్సెలింగ్‌లో ఇచ్చే ఫోన్ నంబరు పిల్లాడిదే పెట్టండి, మీది పెట్టకండి, మీరు పొలంలో ఉన్నప్పుడు ఎవరో ఫోన్ చేస్తారు అని.