పెట్రోలుకి బీపీ చూసే నీలం పెట్టె: పది నెలల వాడకం తర్వాత

కారు ఇంజిన్‌కి పోయే పెట్రోలు ప్రెషర్ కొలిచే నీలం ప్లాస్టిక్ పెట్టె. లోపల ఒక గేజి, రెండు రబ్బరు గొట్టాలు, డజను పైచిలుకు ఇత్తడి అడాప్టర్లు. విజయనగరంలో ఒక స్పేర్ పార్టుల కొట్టులో 1,850 రూపాయలకి తెచ్చాను. కొట్టతను సీలు విప్పనివ్వలేదు. "విప్పితే మీదే మేస్త్రీ, వాపసు లేదు" అన్నాడు. ఎయిర్‌ఫోర్స్‌లో ఇరవై ఏళ్లు ఇంజిన్ ఫిట్టరుగా చేసొచ్చినవాణ్ణి, డయల్ చూడకుండా గేజి కొన్నందుకు నాకే సిగ్గనిపించింది. అయినా కొన్నాను.

ముందు కార్ల సంగతి. గజపతినగరం వెళ్లే రోడ్డులో ఉన్న నా షెడ్డుకి ఒక పాత పెట్రోలు కారు వచ్చింది. పొద్దున్నే ఆరేడుసార్లు సెల్ఫ్ కొడితే గానీ అందుకోదు. అందుకున్నాక ఏ ఇబ్బందీ లేదు. అప్పటికే ఎవరో ప్లగ్గులూ బ్యాటరీ మార్చేశారు. పంపు ఫ్యూజు పీకి, ఇంజిన్ దానంతట అదే ఆగేదాకా తిప్పి, లైన్లో ప్రెషర్ దిగాక T ఆకారపు అడాప్టర్ వేసి గేజి తగిలించాను. ఓనరు కుర్రాడు పక్కన నిలబడి, "ఏటి బాబాయ్, పెట్రోలుకి కూడా బీపీ సూస్తారేటి?" అన్నాడు. అప్పట్నుంచి షెడ్డులో దీని పేరు బీపీ మిషనే.

కీ తిప్పగానే ముల్లు 3 బార్ దగ్గర నిలబడింది. ఆ బండికి ఉండాల్సింది అంతే. కీ ఆపేసి చాయ్ తాగొచ్చేసరికి సున్నాకి జారిపోయింది. బయట ఎక్కడా తడి లేదు. మళ్లీ ప్రెషర్ ఎక్కించి, గేజికీ పంపుకీ మధ్య గొట్టాన్ని నొక్కిపెట్టి చూస్తే ముల్లు కదల్లేదు. ఇంజిన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు బాగానే ఉన్నాయి, పెట్రోలు వెనక్కి ట్యాంకులోకే పోతోంది. కొత్త పంపు వేశాం, రోగం కుదిరింది.

ఈ పనికి గేజి బంగారం. విప్పేముందు గేజి మీది బటన్ నొక్కితే, మిగిలిన పెట్రోలు మొహం మీద చిందకుండా సన్నగొట్టంలోంచి సీసాలోకి దిగుతుంది. పెట్టెలో ఇచ్చిన క్లిప్పులు మాత్రం చెత్తబుట్టకే. రెండో వాడకంలోనే ఒకటి గొట్టాన్ని కోసేసి, వేడి మానిఫోల్డు పక్కన పెట్రోలు చిమ్మింది. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ దగ్గర పెట్టుకోవడం ఎయిర్‌ఫోర్స్ నేర్పిన అలవాటు, దాంతో పని పడలేదు. ఇంజెక్షన్ గొట్టాలకి వేసే మంచి క్లిప్పులు విడిగా కొనుక్కోండి.

ఇక విమానం గొడవ. మా మేనల్లుడు వేరే రాష్ట్రంలో చిన్న విమానాల హ్యాంగర్లో పని నేర్చుకుంటున్నాడు. పైడితల్లమ్మ పండక్కి వచ్చి ఈ పెట్టె చూశాడు. "మావయ్యా, ఇది నాకిచ్చేయ్. రోటాక్స్‌కి కట్టి సూస్తాను" అన్నాడు. రోటాక్స్ అంటే చిన్న విమానాలకి వాడే ఇంజిన్. ఇవ్వలేదు. పిసినారితనం కాదు.

డయల్ మీద గీతలు 10 బార్ దాకా ఉన్నాయి. మూలన చిన్న అక్షరాల్లో 2.5 అని ఉంది. పూర్తి స్కేలు మీద రెండున్నర శాతం అటో ఇటో అని దానర్థం, అంటే 0.25 బార్. కార్బురేటర్ ఉన్న రోటాక్స్ 912కి పెట్రోలు ప్రెషర్ 0.15 కన్నా తగ్గకూడదు. పాత రకం పంపు ఉన్నవాటికి 0.4 దాటకూడదు. ఆ రెండిటికీ మధ్య తేడా ఎంత? అదే 0.25! గేజి పొరపాటు ఎంతో, ఇంజిన్‌కి ఉన్న జాగా అంతే.

వాడు నమ్మలేదు. డాబా మీంచి ఆరు మీటర్ల పారదర్శక గొట్టం వేలాడదీసి, కింద గేజి బిగించి నీళ్లు నింపాం. పది మీటర్ల నీళ్లకి సుమారు ఒక బార్ లెక్కన 0.6 చూపాలి. ముల్లు 0.4 దగ్గర కూర్చుంది. నీళ్లు రెండు మీటర్లకి దింపితే సున్నా దగ్గర ముల్లుని ఆపే మేకు మీంచి అది లేవనేలేదు. కంపెనీవాడు అబద్ధమాడలేదు, తప్పు 0.25 లోపే ఉంది. కానీ ఆ గేజిని నమ్మి ఎవడెగురుతాడు?

విమానాలన్నిటికీ ఒకటే కొలతా కాదు. పాత సెస్నా 172లో ట్యాంకులు రెక్కల్లో, నెత్తి మీద ఉంటాయి. పెట్రోలు దానంతట అదే కార్బురేటర్లోకి దిగుతుంది. మీటరు ఎత్తు పెట్రోలంటే దాదాపు ఒక పీఎస్‌ఐ (ఒక బార్‌కి దాదాపు 14.5 పీఎస్‌ఐ). రెక్కలు కింద ఉండే పైపర్ చెరోకీలో పంపు కావాలి. దాని లైకమింగ్ ఓ-320 ఇంజిన్‌కి 0.5 నుంచి 8 పీఎస్‌ఐ. ఇంజెక్షన్ ఉన్న ఐఓ-360 ఇంజిన్‌కి 14 నుంచి 45. ఇక్కడైతే ఈ గేజి ముల్లు కనీసం మేకు వదులుతుంది. అయినా పెట్రోలు నిండిన గొట్టాన్ని పైలట్ ముందుకి తేవడం మంచిది కాదు. సెన్సర్‌ని ఇంజిన్ వైపే ఉంచి లోపలికి వైరు మాత్రమే తెస్తారు. సెన్సర్‌కి పోయే దారిలో సూదిబెజ్జమంత కన్నం ఉన్న ఫిట్టింగు వేస్తారు, ఆ గొట్టం తెగినా ధారగా కారకుండా. ఈ పెట్టెలో అలాంటిదేదీ లేదు.

కారు షెడ్డుకి అయిదుకి నాలుగిస్తాను. క్లిప్పులకి సున్నా. మేనల్లుడి కోసం అదే కొట్టులో సున్నా నుంచి ఒక బార్ దాకా ఉన్న గేజి అడిగాను. విశాఖ నుంచి తెప్పించాలట. ఈసారి సీలు విప్పి, డాబా దగ్గర పరీక్ష అయ్యాకే డబ్బులిస్తానన్నాను. "అలాగే మేస్త్రీ, గొట్టం మాత్రం మీదే" అన్నాడు.