సైకిల్ టైరులో పంక్చర్ పట్టీ: నెల్లూరు శివారు లేఅవుట్‌లో ఏడాది దాటి వాడాక

సైకిల్ గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. ఏడు గేర్ల హైబ్రిడ్, 700×35 టైర్లు. ఈ తరహా సైకిల్ ఏ కంపెనీదైనా ఆఫీసుకు పోయి రావడానికి సరిపోతుంది. నేను చెప్పదలచుకున్నది ముళ్లు ట్యూబు దాకా రాకుండా టైరుకూ ట్యూబుకూ మధ్య వేసే పట్టీ గురించి. సైకిల్ ధర ముందు దీని ధర లెక్కలోకే రాదు. కానీ ఇది లేకుండా నెల్లూరు శివారులో ఫ్లాట్ తీసుకుని రోజూ సైకిల్ మీద ఆఫీసుకు పోతామంటే, ఆ ముచ్చట నెల తిరక్కుండానే తీరిపోతుంది. దీనిమీద నాకున్న ఇష్టం అంతా ఇంతా కాదు. పెట్టుకున్న నమ్మకంలో కొంత తర్వాత తగ్గించుకోవాల్సి వచ్చింది, అదీ చెబుతాను.

కొత్త అపార్ట్‌మెంటంటే పక్కన ఖాళీ ప్లాటు ఉంటుంది. పొదలకూరు రోడ్డు వైపు చూసినా, వేదాయపాళెం దాటి చూసినా అంతే. ఖాళీ ప్లాటంటే సర్కారు తుమ్మ. 1870ల చివర్లో వంటచెరకు కోసమని మద్రాసు ప్రెసిడెన్సీకి తెప్పించిన చెట్టు ఇది, ఇప్పుడు మన దగ్గర ఇది లేని పోరంబోకు లేదు. ఎవరైనా ఇల్లు మొదలుపెడితే ముందుగా జేసీబీ వచ్చి కంప పీకుతుంది. దాన్ని ట్రాక్టర్ ట్రక్కులో అణగదొక్కి తీసుకుపోతారు. పోయే దారి పొడుగునా రెమ్మలు రాలతాయి. పచ్చి ముల్లు వంగిపోతుంది, పెద్దగా దిగదు. వారం ఎండిందంటే మాత్రం మేకుతో సమానం. కార్లు తొక్కి తొక్కి రెమ్మ పొడైపోయినా ముళ్లు మిగిలి, గాలికీ వాన నీళ్లకీ రోడ్డు అంచుకు చేరతాయి. సైకిల్ పోయేది సరిగ్గా ఆ అంచు మీదే. ట్రాఫిక్ తప్పించుకుందామని జాఫర్ సాహెబ్ కాలువ కట్టో, సర్వేపల్లి కాలువ కట్టో పట్టుకుంటే అక్కడ కంపకు తోడు పల్లేరుకాయలు కూడా ఉంటాయి.

ఈ రెండు ముళ్లనూ వేరువేరుగా చూడాలి. పల్లేరుకాయ ఎటు పడినా ఒక ముల్లు పైకే చూస్తుంది, కానీ ఆ ముల్లు పొట్టిది. టైరు రబ్బరు దాటి పట్టీ దగ్గర ఆగిపోతుంది. పట్టీ వేసినప్పటి నుంచి పల్లేరుకాయ వల్ల నా ట్యూబుకు చిల్లు పడలేదు. సర్కారు తుమ్మ ముల్లు పొడుగు. అంగుళం దాటినవీ ఉంటాయి. నిలువుగా గుచ్చుకుంటే దాన్నీ పట్టీ ఆపుతుంది. ముల్లు మొన పట్టీకి తగిలి పక్కకు విరిగిపోయి టైరులోనే ఉండిపోతుంది. ఏటవాలుగా టైరు పక్క గోడలోంచి వస్తే మాత్రం పట్టీ ఏమీ చేయలేదు, ఎందుకంటే అది టైరు నడినెత్తి మీద మాత్రమే ఉంటుంది. కంప కొట్టిన ప్లాటు పక్కన మట్టిలోకి దిగి సైకిల్ ఆపితే ఇలాంటి దెబ్బ తగులుతుంది. తారు రోడ్డు మీద పోతున్నంతసేపు ఇది అరుదే. మొదట్లో అడిగినవాళ్లందరికీ 'ఇక పంక్చర్ మాటే ఉండదు' అని చెప్పేవాణ్ణి. ఇప్పుడు 'తారు రోడ్డు మీద' అని కలిపి చెబుతున్నాను.

బిగించడం ఇంట్లోనే అరగంట పని. ప్లాస్టిక్ టైర్ లీవర్లు రెండు చాలు. స్క్రూడ్రైవర్‌తో ఎత్తితే ట్యూబును నొక్కి మనమే పంక్చర్ చేసినట్టవుతుంది. టైరు ఒక పక్క మాత్రమే రిమ్ములోంచి తీసి, ట్యూబు బయటికి లాగాక, టైరు లోపలి భాగమంతా ఒక తడవ దూదితో తుడవాలి. వేళ్లతో తడిమితే వేళ్లే తెగుతాయి. దూదైతే ముల్లు మొన ఎక్కడుందో అక్కడ పోగు తగులుకుని తెల్లగా నిలబడుతుంది. అక్కడ టైరును వెనక్కి వంచితే మొన బయటికి పొడుచుకొస్తుంది, పట్టకారుతోనో గోరుకత్తెరతోనో పట్టి లాగేయాలి. ఈ పని ఎగ్గొట్టి కొత్త ట్యూబు వేస్తే మర్నాటికి అది కూడా దిగిపోతుంది. పంక్చర్ షాపులో హడావిడిగా వేయించుకుంటే మళ్లీ మళ్లీ వచ్చేది చాలావరకు ఇందుకే.

తర్వాత ట్యూబుకు కొంచెం గాలి కొట్టి టైరులో కూర్చోబెట్టి, దానికీ టైరుకూ మధ్య పట్టీని దూర్చి నడిమధ్యకు సర్దాలి. ట్యూబు ఉబ్బి పట్టీని టైరుకు అదిమి పట్టుకుంటుంది. పట్టీ పొడుగు చక్రం చుట్టుకొలత కంటే ఎక్కువే ఉంటుంది కాబట్టి రెండు కొసలూ ఒకదానిమీద ఒకటి పడతాయి. అసలు చిక్కు వచ్చింది అక్కడే.

పట్టీ వేసి కొన్ని నెలలయ్యాక వెనక చక్రం పొద్దునకల్లా మెత్తబడడం మొదలైంది. రాత్రి గట్టిగా ఉంటుంది, పొద్దున బొటనవేలితో నొక్కితే లోపలికి పోతుంది. ముల్లు లేదు, గాజుముక్క లేదు. ముందు వాల్వ్ మీద అనుమానం వస్తుంది. వాల్వ్ మూతి మీద ఉమ్మి చుక్క వేస్తే బుడగ రాలేదు, అంటే అది బాగానే ఉంది. ట్యూబు తీసి ఉబ్బేదాకా గాలి కొట్టి బకెట్ నీళ్లలో ముంచి కొంచెం కొంచెంగా తిప్పితే, ఒకచోట ఆవగింజంత బుడగలు వరసగా, తీరిగ్గా లేస్తున్నాయి. నీళ్లు తుడిచి చూస్తే అది చిల్లు కాదు. చిటికెనవేలి గోరంత పొడవున ఒక గీత. గీత పొడుగునా రబ్బరు అరిగి, నలుపు పోయి బూడిదరంగుకు తిరిగింది.

అది ఎందుకైందో ట్యూబే చెబుతుంది, చూడడం తెలియాలి. టైరు మీద కంపెనీ పేరు ఉన్నచోటికి ఎదురుగా వాల్వ్ వచ్చేట్టు ఎప్పుడూ బిగిస్తే, ట్యూబులో చిల్లు టైరులో ఏ చోటికి వస్తుందో కొలిచి చూసుకోవచ్చు. చిల్లు రిమ్ము వైపు ఉంటే చక్రం పుల్ల (స్పోక్) చివరి నిపిల్‌దో, దాన్ని కప్పే రిమ్ టేపు జరగడందో తప్పు. పక్కపక్కనే రెండు చిల్లులుంటే గాలి తక్కువతో గుంతలో పడి ట్యూబు రిమ్ముకూ రోడ్డుకూ మధ్య నలిగిందని. టైరు వైపు ఒకే చిల్లు ఉంటే ముల్లు. నా ట్యూబులో గీత టైరు వైపే ఉంది, సరిగ్గా పట్టీ కొసలు ఒకదానిమీద ఒకటి పడ్డచోట. పైన ఉన్న కొస నిలువుగా కత్తిరించి ఉంది, మూలలు పదునుగా ఉన్నాయి. చక్రం తిరిగిన ప్రతిసారీ ఆ చోట టైరు నొక్కుకుని వదులుతుంది, కొస ట్యూబు మీద వెంట్రుకవాసి జరుగుతుంది. నెలల తరబడి అలా రాసుకుని రాసుకుని కోసేసింది. ముల్లు నుంచి కాపాడాల్సిన వస్తువే ట్యూబును తినేయడం నాకు నిజంగా బాధ కలిగించింది. పెట్టె మీద కంపెనీవాళ్లు ఈ విషయం ఒక్క ముక్క రాయలేదు. రెండు కొసలనూ పలచగా, గుండ్రంగా చేసి అమ్మితే వాళ్ల సొమ్మేం పోతుంది?

విరుగుడు ఇంట్లోనే ఉంది. కొసలు ఒకదానిమీద ఒకటి పడే భాగం ఐదారు సెంటీమీటర్లు మించకుండా కత్తిరించాలి. కొసల మూలలను కత్తెరతో గుండ్రంగా తిప్పి, అంచులను ఉప్పుకాగితంతో పలచబడేదాకా రుద్దాలి. పాత ట్యూబులోంచి అరచేయంత ముక్క కోసి, పైకి వచ్చే కొస మీద సొల్యూషన్‌తో అతికించాలి. అప్పుడు ట్యూబుకు తగిలేది రబ్బరు మాత్రమే. ఈ అతుకు వాల్వ్‌కు ఎదురుగా, చక్రం అవతలి వైపు వచ్చేట్టు పెడితే తర్వాత అనుమానం వచ్చినప్పుడు ఎక్కడ చూడాలో తెలుస్తుంది. ట్యూబుకు పౌడరు పూయడం మర్చిపోకూడదు. ఎండాకాలం ట్యూబు పట్టీకి అంటుకుపోకుండా, రాపిడి లేకుండా జారేది పౌడరు వల్లే. ఇదంతా చేశాక ఆ చోట మళ్లీ గీత పడలేదు.

గాలి తక్కువైతే మాత్రం ఈ జాగ్రత్తలన్నీ దండగ. గాలి తగ్గేకొద్దీ టైరు ఎక్కువ నలుగుతుంది, పట్టీ ఎక్కువ కదులుతుంది. నా టైరు పక్కన గాలి ఒత్తిడి 50 నుంచి 75 పీయస్‌ఐ అని ఉంది. వెనక క్యారియర్ మీద బ్యాగు ఉంటుంది కాబట్టి వెనక 60, ముందు 55 ఉంచుతాను. మీటరున్న కాలిపంపు ఫ్లాట్‌లోనే పెట్టుకోవాలి. పెట్రోలు బంకు గాలితో సైకిల్ ట్యూబు చిటికెలో నిండుతుంది, ఆపేలోపు పగిలే ప్రమాదం ఉంది. వేసవిలో ఇంకో లెక్క. నీడలో 60 కొట్టిన టైరు ఎండలో కాలితే ఆరేడు పీయస్‌ఐ పెరుగుతుంది. టైరు తట్టుకుంటుంది గానీ, పాత ప్యాచ్ అంచులు వేడికి లేస్తాయి. ఆఫీసులో చెట్టు నీడ లేకపోతే గోడ నీడైనా వెతుక్కోవాలి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కథ వేరు. ఈశాన్య రుతుపవనాల వానకు మాగుంట లేఅవుట్, రామలింగాపురం అండర్ బ్రిడ్జిల్లో నీళ్లు నిలిచి, దిగాక గాజుపెంకులన్నీ ఒకచోట చేరతాయి. తడిసిన రబ్బరును గాజు తేలిగ్గా కోస్తుంది. పట్టీ చిన్న పెంకులను ఆపుతుంది, టైరు మీద గాటు మాత్రం పడుతుంది. వానాకాలం అయ్యాక గాట్లు చూసి, లోపల గుడ్డపోగు కనిపిస్తే టైరు మార్చేయాలి. ఇరుసు మునిగేంత నీళ్లలోకి మాత్రం సైకిల్ దించొద్దు. హబ్బులో గ్రీజు పోతుంది.

చిల్లు పడితే లోపలి నుంచే మూసేలా ట్యూబులో పోసే ద్రవం, సీలెంట్, మేలు కదా అంటారు. మోటార్‌సైకిల్ ట్యూబ్‌లెస్ టైరులో దాని సంగతి వేరు. సైకిల్ ట్యూబులో పోయాలంటే లోపలి పిన్ను ఊడదీయగల వాల్వ్ ఉండాలి. పాతకాలం సైకిళ్ల వాల్వ్‌లో అయితే లోపలుండే చిన్న రబ్బరు గొట్టం జిగురు పట్టి మూసుకుపోతుంది. మన ఎండలకు లోపలి ద్రవం కొన్ని నెలల్లో గడ్డకడుతుంది. ఒకవేళ పెద్ద చిల్లు పడితే ట్యూబంతా తడిగా ఉండి ప్యాచ్ అతకదు. పట్టీ ఉన్న చక్రంలో అది అక్కర్లేదు.

పట్టీ బరువు చక్రానికి వంద గ్రాములకు అటూ ఇటూ. సిగ్నల్ దగ్గర మొదటి రెండు తొక్కుళ్లలో తెలుస్తుంది, ఆ తర్వాత మరిచిపోతాం. దూరం పోయేవాళ్లకూ, సన్న టైర్ల సైకిళ్లవాళ్లకూ అది ఇబ్బందే కావచ్చు.

అపార్ట్‌మెంటు సంగతి రెండు ముక్కల్లో. స్తంభాల మధ్య పార్కింగ్‌లో బోరు నీళ్లతో కార్లు కడిగే చోటికి దూరంగా సైకిల్ పెట్టుకోండి, ఆ ఉప్పునీళ్లు చైన్ మీద పడితే వారంలో తుప్పు. లిఫ్టులో ఎక్కించాలంటే వెనక చక్రం మీద నిలబెట్టి, వెనక బ్రేకు నొక్కి పట్టి, హ్యాండిల్ పూర్తిగా తిప్పితే ఆరుగురి లిఫ్టులో పడుతుంది. 700 సైజు ట్యూబులు వీధి చివరి షాపులో దొరకవు, రెండు తెప్పించి ఫ్లాట్‌లో పెట్టుకోవాలి. తప్పనిసరైతే 28×1½ ట్యూబు ముడత పడకుండా సర్ది వాడుకోవచ్చు. ఆ సైజు టైరు మాత్రం ఈ రిమ్ముకు పట్టదు.

మీది ఊరి మధ్యలో ట్రంకు రోడ్డు పక్కనో, పొగతోటలోనో అయితే, ఆఫీసు రెండు మూడు వీధుల దూరమైతే, పట్టీ కొనమని చెప్పను. అక్కడ కంప లేదు, పంక్చర్ పడినా షాపు దాకా నడిపించుకుపోవచ్చు. నాది ఐదు కిలోమీటర్ల లోపు దారి, అందులో సగం ఖాళీ ప్లాట్ల పక్కగా, తెల్లారి షాపులు తెరవకముందే బయల్దేరాలి. ఈ లెక్కకు పట్టీ కచ్చితంగా తగినదే. టైరు మార్చినప్పుడు అదే పట్టీని కొత్త టైరులో వేసుకున్నాను. వేసేముందు కొసల మీది రబ్బరు ముక్క ఊడిందేమో చూసి, కొంచెం లేచి ఉంటే మళ్లీ అతికించాను.