మోడ్స్, స్పీడ్ రన్స్ సాధనకి రోలాండ్ ఎఫ్‌పీ-10

ఈ 88 కీల డిజిటల్ పియానో ముందుగా బొటనవేలి బండారం బయటపెడుతుంది. డీ డోరియన్ మోడ్ (డీ నుంచి తెల్ల కీలే వాడే స్వరాల వరుస), అంటే మన ఖరహరప్రియ స్వరాలే, కుడిచేత్తో 1-2-3-1-2-3-4 వేళ్లతో (1 అంటే బొటనవేలు) ఎక్కండి. ఎఫ్ తర్వాత బొటనవేలు కిందనుంచి జీ మీదికి వస్తుంది. అక్కడ మోచెయ్యి ఊపితే జీ ఒక్కటే ఠంగుమంటుంది. అసలు పియానోలా సుత్తి బరువుండే ఈ హ్యామర్ కీల మీద దాన్ని దాచలేం. మెట్రోనోమ్ (లయ కొట్టే పరికరం) నిమిషానికి 60 బీట్లు, బీట్‌కి నాలుగు స్వరాలు. సమంగా వినిపించాకే 4 పెంచండి.

అవే తెల్ల కీలు జీ7 కార్డ్ (జీ, బీ, డీ, ఎఫ్ కలిపి నొక్కేది) మీద జీ నుంచి వాయిస్తే మిక్సోలిడియన్ మోడ్. రన్ (వేగంగా సాగే స్వరాల వరుస) బీ మీద ముగించండి, సీ మీద ఆగితే కార్డ్‌తో కొట్టుకుంటుంది.

కీలు కాస్త బరువు. తేలికపాటి 61 కీల బోర్డుకి అలవాటైన వేళ్లు త్వరగా అలసిపోతాయి, అయినా కొనొచ్చు. స్పీకర్లు అంతంతే, హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. రన్‌లో పెడల్ మాత్రం తొక్కొద్దు, తప్పులన్నీ అందులో కలిసిపోతాయి.