పాత వస్తువుల వేటకు ఏ డిటెక్టర్ మేలు: వీఎల్‌ఎఫ్ రకమా, పల్స్ ఇండక్షనా?

పాత నాణేలు, ఉంగరాలు, కంచు గుండీలు, సీసపు ముద్రలు వెతకాలని సరదా పుట్టినవాళ్లు మెటల్ డిటెక్టర్ (నేలలోని లోహాన్ని పసిగట్టే యంత్రం) కొనేటప్పుడు ముందు అడిగేది “ఎంత లోతు పడుతుంది?” అని. అంతకంటే ముందు తెలుసుకోవాల్సినవి రెండున్నాయి: వెతకబోయే నేల ఎలాంటిది, అందులో ఇనుప చెత్త ఎంత ఉంది.

వీఎల్‌ఎఫ్ (వెరీ లో ఫ్రీక్వెన్సీ) రకంలో, నేల మీద ఊపే పళ్లెం లాంటి కాయిల్‌లో రెండు తీగచుట్లుంటాయి. ఒకటి ఆగకుండా తరంగం పంపుతుంది, చాలా యంత్రాల్లో 5 నుంచి 20 కిలోహెర్ట్జ్ మధ్య. రెండోది వింటుంది. కింద లోహం ఉంటే తిరిగొచ్చే తరంగం కాస్త వెనకబడుతుంది. ఆ తేడాను బట్టి ఇనుమా, వెండా అని అంచనా కట్టి తెర మీద అంకె చూపిస్తుంది. పల్స్ ఇండక్షన్ (పీఐ) తీరు వేరు. గట్టి విద్యుత్ దెబ్బ ఒకటి పంపి, ఆపేసి, కొన్ని మైక్రోసెకన్లు ఆగి, లోహంలో పుట్టిన కరెంటు ఎలా సన్నగిల్లుతోందో వింటుంది. ఉప్పు తడిలో పుట్టిన కరెంటు అప్పటికే ఆరిపోయి ఉంటుంది కాబట్టి తడి సముద్రపు ఇసుక దాన్ని పెద్దగా ఇబ్బంది పెట్టదు. అదే ఇసుకలో ఒకే ఫ్రీక్వెన్సీ వీఎల్‌ఎఫ్ అదేపనిగా ఉత్తుత్తి సిగ్నళ్లు ఇస్తుంది. కాబట్టి అలలు తగిలే ఇసుకలో పీఐదే పైచేయి. అక్కడ తవ్వడమూ తేలికే, నాలుగు మేకులు వచ్చినా పోయేదేం లేదు.

పాత ఊళ్లు, సంతలు ఉన్న చోట కథ తిరగబడుతుంది. అక్కడ ఒక్క చదరపు మీటరులోనే పది మేకులు ఉండొచ్చు. మేకుకూ నాణేనికీ తేడాను పీఐ నమ్మకంగా చెప్పలేదు, అన్నీ తవ్వాల్సిందే. అలాంటి చోట వీఎల్‌ఎఫ్‌కి 6 అంగుళాల చిన్న డీడీ కాయిల్ (తీగచుట్లు రెండూ ఇంగ్లీషు D ఆకారంలో ఉండేది) పెట్టి మెల్లగా ఊపండి. మేకు పక్కనే ఉన్న నాణెం ఒక వైపు నుంచి ఊపితే పలకకపోవచ్చు, 90 డిగ్రీలు తిరిగి ఊపితే పలకొచ్చు. అంకె రెండు వైపులా నిలకడగా ఉంటే తవ్వండి. అటూ ఇటూ గెంతుతుంటే చాలాసార్లు తుప్పుపట్టిన ఇనుమే. గుర్రపు లాడం లాంటి పెద్ద ఇనుము మాత్రం వెండిలా మోగి మోసం చేస్తుంది. కాయిల్‌ను ఒక జానెడు పైకెత్తినా మోత తగ్గకపోతే అదేనని అనుమానించాలి.

వీఎల్‌ఎఫ్‌తో జరిగే పెద్ద తప్పు వడపోతను మరీ బిగించడం. అల్యూమినియం రేకు ముక్కలు వద్దనుకుని ఆ అంకెలన్నీ మూసేస్తే సన్నని బంగారు ఉంగరం, పలుచని చిన్న నాణెం కూడా వాటితోపాటే పోతాయి. ఇనుమును మాత్రమే మూయండి. రెండో తప్పు నేలకు సరిచూడకపోవడం. లోహం లేని చోట కాయిల్‌ను నేలకు 3 సెంటీమీటర్ల నుంచి 30 సెంటీమీటర్ల దాకా ఎత్తుతూ దించుతూ, శబ్దం మారకుండా ఉండేదాకా గ్రౌండ్ బ్యాలెన్స్ సరిచేయాలి. నేల మారినప్పుడల్లా ఇది మళ్లీ చేయాలి, బద్ధకిస్తే లోతు తగ్గిపోతుంది.

ఇక లోతు. నాణెం అంత వస్తువును మామూలు వీఎల్‌ఎఫ్ 15 నుంచి 25 సెంటీమీటర్ల లోతులో పట్టగలదు. పీఐ ఇంకా కిందికి చూడగలదు కానీ పొలాల్లో అది లాభం అనిపించదు నాకు. నాగలి తిరగేసే పై పొరలో వస్తువులు ఎలాగూ చోటు మారి ఉంటాయి. దాని కింద ఉన్నది ఎవరూ కదపని చరిత్ర. ఏది దేని పక్కన ఉంది, ఏ పొరలో ఉంది అన్నదే దాని విలువ. గుంత తవ్వి లాగేస్తే అది మళ్లీ రాదు.

1992లో ఇంగ్లండులోని హాక్సన్‌లో, పొలంలో పోయిన సుత్తి కోసం డిటెక్టర్‌తో వెతుకుతుంటే రోమన్ కాలపు లంకెబిందె లాంటిదే బయటపడింది. కొంత తీశాక తవ్వకం ఆపి అధికారులకు కబురు చేశారు. అందువల్లే పురావస్తు నిపుణులు వచ్చి 14 వేలకు పైగా నాణేలతో పాటు, ఆ సొత్తును చెక్కపెట్టెలో ఎలా సర్దారో కూడా నమోదు చేయగలిగారు. అందుకే ఏ యంత్రం చేతిలో ఉన్నా నేల యజమాని అనుమతి, ఆ దేశపు చట్టం ముందే చూసుకోండి. ఒకే గుంతలో రెండు మూడు పాతవి కలిసి కనిపిస్తే పార పక్కన పెట్టి, చోటు గుర్తుపెట్టి, అధికారులకు కబురు చేయండి.