వెంటిలేటర్ మీదున్న రోగి నోటికి ఏది మేలు: మౌత్‌వాషా, బ్రష్షా?

పీలేరు, సత్యవేడు, శ్రీకాళహస్తి వైపు నుంచి తిరుపతి రుయా, స్విమ్స్ ఆసుపత్రులకు పురుగుమందు తాగినవారు, పాము కరిచినవారు వస్తూనే ఉంటారు. ఊపిరి అందని వారికి నోట్లోంచి గొట్టం వేసి వెంటిలేటర్ పెడతారు. గండం గడిచిందనుకున్న ఇంటివాళ్లకు, రెండు రోజులు దాటాక న్యుమోనియా రూపంలో రెండో గండం ఎదురుకావచ్చు. పళ్ల పాచిలో పెరిగిన సూక్ష్మక్రిములు లాలాజలంతో కలిసి, గొట్టం చుట్టూ గాలి నింపి ఉంచే బుడగ (కఫ్) పక్కనుంచి ఊపిరితిత్తుల్లోకి జారడమే దీనికి ముఖ్య కారణం. ఆ దారిని మూయడం చాలావరకు నర్సు చేతిలోనే ఉంది.

మన దేశంలో చాలా ఐసీయూల్లో నోటి శుభ్రత అంటే క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమిసంహారక మౌత్‌వాష్‌లో ముంచిన గాజ్‌తో చిగుళ్లు, నాలుక తుడవడమే. రెండు నిమిషాల్లో అయిపోతుంది, గొట్టం కదులుతుందన్న భయం ఉండదు. అయితే పాచి జిగురు పొర. మందు పైపైన తాకుతుంది, రుద్దితే తప్ప పొర ఊడదు. గుండె శస్త్రచికిత్స రోగుల్లో ఈ మందు శ్వాసకోశ ఇన్ఫెక్షన్లను తగ్గించినట్టు 2014 నాటి ఒక విశ్లేషణ చూపింది. మిగతా రోగుల్లో స్పష్టమైన లాభం కనిపించలేదు సరికదా, మరణాలు పెరుగుతున్నాయేమోనన్న అనుమానం మిగిలింది. 2022లో అమెరికా నిపుణుల సంఘాలు క్లోర్‌హెక్సిడిన్ వద్దని, బ్రష్ చేయడం తప్పనిసరని మార్గదర్శకాలు మార్చాయి.

2023 చివర్లో 15 పరిశోధనలను కలిపి చూసిన మరో విశ్లేషణ వచ్చింది. బ్రష్ చేసిన రోగుల్లో న్యుమోనియా దాదాపు మూడో వంతు తగ్గింది, ఐసీయూ మరణాలూ తగ్గాయి. రోజుకు రెండుసార్లు చేసినా, మూడుసార్లు చేసినా ఫలితం ఒకేలా ఉంది. ఊపిరాడని డ్యూటీల్లో ఉన్న సిస్టర్లకు ఇంతకన్నా మంచి కబురు ఏముంటుంది!

నా ఓటు బ్రష్‌కే. కానీ ఒంటి చేత్తో చేసే పని కాదిది. తల వైపు మంచం 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తాలి. కఫ్‌లోని గాలి ఒత్తిడి 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి పీడనం (cm H2O) మధ్య ఉందో లేదో చూడాలి. గొట్టం ఎంత లోతుకు వెళ్లిందో చెప్పే అంకె పెదవి దగ్గర ఎంతుందో గుర్తుపెట్టుకోవాలి. ఒకరు గొట్టం పట్టుకుంటే, ఇంకొకరు ముందు నోట్లోని లాలాజలాన్ని మెషిన్‌తో లాగేసి (సక్షన్ చేసి), చిన్నపిల్లల మెత్తటి బ్రష్‌ను స్టెరైల్ నీటిలో తడిపి రుద్దాలి. గొట్టం చాటున ఉండే దవడ పళ్ల లోపలి వైపే ఎక్కువగా వదిలేస్తాం. పాచి పేరుకునేదీ అక్కడే. మళ్లీ సక్షన్ చేసి, గొట్టాన్ని నోటి రెండో మూలకు జరిపి కట్టి, అంకె సరిచూసుకోవాలి.

సోడా బైకార్బొనేట్ నీళ్లు నోట్లో ఎండి గట్టిపడిన జిగురును వదులు చేస్తాయి, అంతవరకే.

డెంగీతో ప్లేట్‌లెట్లు బాగా పడిపోయినవారికి, చిగుళ్ల నుంచి రక్తం కారేవారికి బ్రష్ వద్దు. తడి గాజ్‌తో మెల్లగా తుడవడమే మేలు. పురుగుమందు కేసుల్లో విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ వల్ల నోరు పిడచకట్టుకుపోతుంది. వాళ్లకు రెండుపూటలా బ్రష్ చాలదు, మధ్యమధ్య నోరు, పెదవులు తడుపుతూ ఉండాలి. చార్టులో కూడా ‘మౌత్ కేర్ ఇచ్చాం’ అని టిక్కు పెట్టి వదలకుండా, తుడిచారా, బ్రష్ చేశారా, పుండ్లు ఉన్నాయా అన్నది రాస్తే తర్వాతి షిఫ్టు సిస్టర్‌కు ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.